అక్కయ్యకి చలి ఎందుకు వెయ్యలేదు

పోయిన వారం మనం ఎక్కడ ఆగాం? అక్కయ్య ఎక్కడ ఆగిందో అక్కడే. మా ఇంటి గేటు ముందు, మా ఆవిడ నల్లకోటు వేసుకుని పక్క సీట్లో కూర్చుని, తన కెరీర్‌లోకెల్లా పెద్ద కేసుకి వేళ మించిపోతోందని చేతి గడియారం చూసుకుంటుండగా, అక్కయ్య రెండుసార్లు దగ్గి, ఒకసారి తుమ్మి, ఊరుకుంది. ఆవిడ దిగి, బూట్లు చేత్తో పట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తింది. కేసు వాయిదా పడింది. నా కేసు మాత్రం వాయిదా పడలేదు.

ఈ వారమే కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ళు కంగారుపడొద్దు. అక్కయ్య మా అమ్మ కన్న బిడ్డ కాదు. రెండే రెండు సీట్లు, వెనక్కి మడిచేసే పైకప్పు, పొడుగాటి ముక్కు ఉన్న ముదురాకుపచ్చ స్పోర్ట్స్ కారు. నాకంటే రెండేళ్ళు ముందు తయారైంది కాబట్టి అక్కయ్య. ఆ వరసన మా ఆవిడకి వదినగారు. వదినతో వాదన ఏ ఇంట్లోనైనా ఉండేదే కానీ, వాదించేది వకీలైతే వదిన నోరు పెగలదు.

నేను పళ్ళ డాక్టర్ని. మా ఆవిడ పన్నుల వకీలు. అంటే ఇద్దరం పన్ను మీదే బతుకుతాం. నేను పీకే పన్ను, ఆవిడ క్లయింట్లు ఎగ్గొట్టే పన్ను. మూడో మనిషి మా అత్తగారు. పొద్దున్నే వాకింగు, పగలంతా పుస్తకాలు, సాయంత్రం నా జోకులకి నవ్వకుండా ఉండటం ఆవిడ దినచర్య.

అక్కయ్యని ఆదివారం బండిగా చూడలేదు నేను. రోజూ క్లినిక్కి అందులోనే. వానొస్తే తడుస్తాను, ఎండొస్తే మాడతాను, లారీ పక్కన ఆగితే దాని చక్రం నా చెవికి గుసగుసలు చెబుతుంది. అయినా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బస్సు కిటికీల్లోంచి ముఖాలన్నీ నావైపు తిరుగుతాయి చూడండి, అబ్బ! నా వృత్తిలో నన్ను చూసి నవ్వేవాళ్ళుండరు. నన్ను చూస్తే జనం నోరు మూసుకుంటారు. అక్కయ్యలో కూర్చుంటే అదే జనం పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతారు. ఒక్క సిగ్నల్ దగ్గరే పది మందికి ఉచితంగా పరీక్ష చేసేస్తాను. మలుపు తిరిగేటప్పుడు ఆ ఇంజిన్ గొంతు మారుతుంది, స్టీరింగ్ అరచేతిలో బతికున్న చేపలా కదులుతుంది. క్లినిక్కి చేరేసరికి నాకు పాతికేళ్ళు. తలుపు తీసి దిగేటప్పుడు నడుం పట్టేసి మళ్ళీ అసలు వయసు గుర్తొస్తుంది, అది వేరే సంగతి.

లోపాలు రెండే. ఒకటి, ఫస్ట్ గేరు వేసినప్పుడల్లా గేరుపెట్టె పళ్ళు నూరుతుంది. పళ్ళ డాక్టరు బండి పళ్ళు నూరడమేమిటని వీధిలో అందరూ అడిగినవాళ్ళే. రెండోది, పక్క సీటు ముందు డాష్‌బోర్డులో ఒక చిన్న అర ఉంది. దానికి తాళంచెవి లేదు. అమ్మినాయన పోయిందన్నాడు. నా పరికరాలన్నీ వాడి చూశాను. దవడ లోపలి దంతాలు పీకిన చేతులకి ఆ అర మూత లొంగలేదు. అరమరికలు లేని మా సంసారంలో తెరవలేని అర అదొక్కటే.

ఆ రెండూ పక్కనపెడితే అక్కయ్య బంగారం. పాత బండ్ల యజమానులం వారానికోసారి ఒకచోట చేరుతాం. మిగతావాళ్ళు పొద్దున్నే బండి లేవడంలేదని, చల్లబడ్డ ఇంజిన్‌ని లేపడానికని ఉండే చోక్ లాగినా పలకడంలేదని ఏడుస్తుంటే నేను కాలు మీద కాలేసుకుని, "మా అక్కయ్యకి చలి వెయ్యదండీ. చోక్ ముట్టుకోను. రెండుసార్లు యాక్సిలరేటరు తొక్కుతాను, తాళం తిప్పుతాను, అంతే, ఒక్క తిప్పుకే!" అనేవాణ్ణి. వాళ్ళు నన్ను చంపాలన్నంత అసూయగా చూసేవాళ్ళు. ఆ చోక్ పిడికి నేను కళ్ళజోడు తగిలించుకునేవాణ్ణి.

అలాంటి అక్కయ్య ఈమధ్య ఒక వారం పాటు మొండికేసింది. కోర్టు రోజుతో మా ఆవిడ ఓపిక అయిపోయింది. ఆ సాయంత్రమే, నా ఎదురుగానే, అద్దాలాయనకి ఫోన్ చేసింది.

అద్దాలాయన అంటే ఈ ఊరి పాత బండ్లన్నీ కొని పెద్ద అద్దాల హాల్లో నిలబెట్టే ఆసామి. పెట్రోలు తీసేసి, చక్రాల కింద దిమ్మలు పెట్టి, ఈకల కుచ్చుతో దుమ్ము దులిపిస్తాడు. ఒక్కదాన్నీ నడపడు. కట్టుడు పళ్ళు నోట్లో పెట్టుకోకుండా గ్లాసులో వేసి చూసుకుని మురిసే మనిషిని ఏమంటాం? అలాంటాయనతో మా ఆవిడ చెప్పిన మాట ఇది: "ఆదివారం పొద్దున్న రండి. మీ ముందే మావారు బండి స్టార్ట్ చేస్తారు. మూడు తిప్పుల్లో లేస్తే మా ఇంట్లోనే ఉంటుంది. లేవకపోతే మీ హాల్లో ఉంటుంది." మా ఆవిడ మాటిచ్చిందంటే తీర్పు చెప్పినట్టే. దానికి పైకోర్టు లేదు.

ఆ ఆదివారం ఇదే.

టిఫిన్ ముగించి అక్కయ్య మీద కప్పిన పట్టా తీద్దామని లేచాను. "కూర్చోండి" అంది మా ఆవిడ. కోర్టు గొంతు. మూల కుర్చీలో అత్తగారు ఒళ్ళో గిన్నె పెట్టుకుని బఠాణీలు ఒలుస్తున్నారు. మా ఆవిడ బల్ల మీద, నా కాఫీ కప్పు పక్కన, ఒక నల్లటి జడపిన్ను పెట్టింది.

"ఇదేమిటి?"

"పిన్ను."

"ఎక్కడ దొరికిందో అడగరేం?"

"పన్నయితే అడిగేవాణ్ణి. పిన్ను సంగతి నాకేం తెలుసోయ్?"

"జోకులొద్దు. నిన్న అద్దాలాయనకి పంపడానికి లోపల ఫొటోలు తీస్తుంటే మీ అక్కయ్యగారి సీటు కింద దొరికింది. నాది పొట్టి జుట్టు, పిన్ను పెట్టను. మీకు పెట్టుకుందామన్నా జుట్టు లేదు. మరి ఎవరిది?"

నా నెత్తి మీద చెయ్యి వేసుకున్నాను. అక్కడ నిజంగానే ఏమీ లేదు. "ఏ సీటు కింద?" అన్నాను నీరసంగా.

"డ్రైవరు సీటు కింద."

"చూశావా! నేను ఎవరినైనా ఎక్కించుకుంటే పక్క సీట్లో ఎక్కించుకుంటాగానీ ఒళ్ళో ఎందుకు కూర్చోబెట్టుకుంటాను?"

అత్తగారి వేళ్ళ మధ్య బఠాణీ కాయ ఒకటి టప్పుమంది. ఆవిడ తల ఎత్తలేదు.

"అదే నేనూ ఆలోచించాను" అంది మా ఆవిడ. "ఇంకో సంగతి. మీ కాళ్ళు తాటిచెట్టంత. మరి సీటు పొద్దున్న చూసినప్పుడల్లా స్టీరింగుకి ఆనుకున్నట్టు ముందుకి ఎందుకుంటుంది?"

"అదా? అది రాత్రంతా ముందుకి జారుతుంది. మన వీధి ఏటవాలు కదా. రోజూ పొద్దున్నే వెనక్కి తోసుకుని కూర్చుంటాను."

"రోజూ జారుతుందా?"

"రోజూ. అంటే... ఆ మధ్య ఒక వారం జారలేదనుకో."

"ఏ వారం?"

"బండి లేవని వారం."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే ఏదోలా వినబడింది. మా ఆవిడ కుర్చీలోంచి నెమ్మదిగా లేచింది. సాక్షి నోటి నుంచి అనుకోని మాట జారినప్పుడు వకీలు కళ్ళలో వెలిగే దీపం నేను మొదటిసారి దగ్గర్నుంచి చూశాను.

"మళ్ళీ చెప్పండి."

"సీటు జారిన రోజు బండి ఒక్క తిప్పుకి లేస్తుంది. సీటు జారని రోజు లేవదు."

"ఆ వారం మన ఇంట్లో మామూలుగా లేనిది ఏమిటి?"

"ఏముందీ? నువ్వున్నావు, నేనున్నాను, అక్కయ్య ఉంది. అత్తయ్యగారు మీ పిన్ని ఇంటికి వెళ్ళారు..."

బఠాణీలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

పిన్నుకి దారి పిన్ని ఇంటి మీదుగా ఉందని నాకప్పుడు అర్థమైంది. మా ఆవిడ నా కంటే ముందే నడవాలోకి వెళ్ళి, అత్తగారి వాకింగు బూట్లు రెండూ పట్టుకొచ్చి, తిరగేసి బల్ల మీద పెట్టింది. ఎడమ బూటు కొన్నప్పటిలాగే ఉంది. కుడి బూటు మడమ మాత్రం ఒక పక్కకి నున్నగా అరిగిపోయింది. యాక్సిలరేటరు తొక్కేవాళ్ళకి అరిగే చోటది.

"అమ్మా, నడిచేవాళ్ళకి రెండు బూట్లూ అరుగుతాయి. నీకు కుడి మడమ ఒక్కటే ఎలా అరిగింది?"

"నా కుడి కాలు కొంచెం బరువే."

"అమ్మా!"

అత్తగారు గిన్నె కింద పెట్టి, ఒళ్ళోని తొక్కలు దులుపుకున్నారు. "సరే. నేనే. ఏం శిక్ష వేస్తావో వెయ్యి."

"నువ్వా? కారు తలుపు తియ్యాలన్నా నన్ను పిలుస్తావు!"

"పిలవకపోతే నీకు అనుమానం వస్తుందిగా."

"ఇంజిన్ చప్పుడు మాకు వినబడాలి కదండీ!" అన్నాను నేను. నా బాధ నాది.

"వినబడేలా నడిపితే వినబడుతుంది అల్లుడూ. హాల్లో కొక్కేనికున్న నీ తాళం తీసుకుని, గేరు తీసి, బ్రేకు వదిలితే బండి వాలు మీద దానంతట అదే జారుతుంది. వీధి చివర స్టార్ట్ చేస్తాను. ఊరు చుట్టి పై వీధి వైపునుంచి వచ్చి, మలుపులోనే ఇంజిన్ ఆపేస్తాను. మిగతాది వాలే చూసుకుంటుంది. నువ్వు పట్టా కప్పినట్టే మళ్ళీ కప్పి, వచ్చి కాఫీ పెడతాను. సీటొక్కటే మర్చిపోతుంటాను."

అంటే నేను తాళం తిప్పేసరికి ఇంజిన్ అప్పటికే వేడిగా ఉండేది! ఇక చోక్ అవసరం ఎందుకుంటుంది? పాత బండ్ల మిత్రుల ముందు నేను కాలు మీద కాలేసుకున్నదంతా అత్తగారు యాక్సిలరేటరు మీద వేసిన కాలి పుణ్యమే! అక్కయ్యకి చలి వెయ్యకపోవడం కాదు, తెల్లారేసరికి అత్తగారు దాన్ని చలి కాచుకునేలా చేసేవారు.

మా ఆవిడకి మాత్రం నా పరువు పట్టలేదు. కుడి బూటు చేతిలోనే ఉంది. "నువ్వు గేటు స్తంభానికి బండి గుద్దిన రోజు నాకు ఎంత భయమేసిందో నీకు తెలుసా? అందుకే కదా తాళాలు తీసేసుకుంది."

"అప్పుడు కళ్ళకి శుక్లాలు. స్తంభం రెండుగా కనబడింది, రెండింటి మధ్యనుంచి వెళ్దామనుకున్నా. శుక్లాలు తీయించావు, మంచి డాక్టర్ని చూశావు, రోజూ చుక్కలు వేశావు. తాళం మాత్రం తిరిగి ఇవ్వలేదు." అత్తగారి గొంతు పెరగలేదు. "అప్పటినుంచి అందరూ నన్ను ఎక్కడికో అక్కడికి తీసుకెళ్తూనే ఉన్నారమ్మా. బాగానే తీసుకెళ్తున్నారు. పొద్దున ఆ కాసేపు మాత్రం నన్ను నేను తీసుకెళ్తాను."

మా ఆవిడ వాదించలేదు. ఆవిడ వాదించకపోవడం నేను చూసిన మొదటిసారి అది. బూటు నేల మీద పెట్టి, రెండోదాని పక్కన సరిచేసి, "చెప్పొచ్చు కదా" అంది చిన్నగా.

"చెబితే ఒప్పుకునేదానివా?"

"లేదు."

"మరి!"

ఇద్దరూ నవ్వబోతున్నారు. నాకు మాత్రం మూడు తిప్పుల మాట గుర్తొచ్చింది. "అత్తయ్యా, ఇవాళ కూడా వెళ్ళొచ్చారు కదూ? ఇంజిన్ వేడిగానే ఉంది కదూ?"

"ఎలా వెళ్తాను? మీ ఆవిడ చీకటితోనే లేచి, పిన్ను పట్టుకుని హాల్లో అటూ ఇటూ పులిలా తిరుగుతుంటే?"

సరిగ్గా అప్పుడే వీధిలో లారీ హారన్ మోగింది.

గేటు తీసేసరికి అద్దాలాయన నిలబడి ఉన్నాడు. వెనక బండ్లు మోసే పొడుగాటి లారీ, దాని మీదినుంచి అప్పుడే వాల్చిన రెండు ఇనప పలకలు. మనిషి కూడా ఆయన హాల్లోలాగే మెరుస్తున్నాడు. తెల్ల చేతి తొడుగులు, నల్ల కళ్ళద్దాలు.

"డాక్టరుగారూ, మీ అక్కయ్యగారిని సాగనంపుతున్నారా?"

"అత్తవారింటికి పంపడానికి ఇంకా సంబంధం కుదరలేదండీ" అన్నాను. పట్టా తీసి బానెట్ మీద చెయ్యి వేశాను. మంచుముద్ద.

"అత్తయ్యా, మీరే స్టార్ట్ చెయ్యండి" అన్నాను పక్కకి వంగి.

"కుదరదు" అంది మా ఆవిడ. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా మాట తిరగలేదు. "మావారు స్టార్ట్ చేస్తారని చెప్పాను. మీరే చెయ్యాలి." తర్వాత అద్దాలాయన వైపు చూస్తూ, "పక్కనెవరూ మాట్లాడకూడదని మాత్రం చెప్పలేదు" అంది. అదీ వకీలంటే!

కూర్చున్నాను. సీటు వెనక్కి తోసుకోబోయాను, అది ఇవాళ జారనేలేదు. అలవాటు చొప్పున యాక్సిలరేటరు రెండుసార్లు తొక్కి, తాళం తిప్పాను. ఖళ్, ఖళ్, ఖళ్. మొదటి తిప్పు అయిపోయింది. కంగారులో ఇంకోసారి తొక్కి, ఇంకోసారి తిప్పాను. అక్కయ్య గొణిగింది, పడుకుంది. గుప్పున పెట్రోలు వాసన.

అద్దాలాయన చేతి తొడుగులు సర్దుకున్నాడు. లారీ డ్రైవరు తాడు విప్పుతున్నాడు.

"కాలు తియ్యి అల్లుడూ" అన్నారు అత్తగారు, తలుపు మీద మోచెయ్యి ఆనించి. "చల్లగా ఉన్నప్పుడు తొక్కితే పెట్రోలు ఎక్కువైపోయి దానికి ఊపిరాడదు. కాస్త ఆగు. గాలి తగలనీ."

ఆగాను. నా జీవితంలో మాట్లాడకుండా అంతసేపు ఆగింది ఎప్పుడూ లేదు. నా కుర్చీలో నోరు తెరుచుకుని పడుకునే మనుషుల బాధ నాకు తెలిసొచ్చింది.

"ఇప్పుడు ఆ కళ్ళజోడు తీసేసి, చోక్ పూర్తిగా బయటికి లాగు. తాళం సగమే తిప్పు. విను."

సగం తిప్పాను. వెనకెక్కడో పెట్రోలు పంపు టకటకటకమంటోంది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు ఉందనే నాకు తెలియదు, అంత తొందరగా తిప్పేసేవాణ్ణి. టకటక కాస్తా టక్... టక్... అయింది. చివరికొక టక్. ఆగిపోయింది.

"కడుపు నిండింది. ఇప్పుడు తిప్పు. కాలు మాత్రం ఆనించకు."

మా ఆవిడ గేటు ఊచ పట్టుకుని కళ్ళు మూసుకుంది. తిప్పాను.

ఖళ్... ఖళ్... ఖ... ధన్! ధనధనధనధన్! అక్కయ్య ఒక్కసారి ఒళ్ళంతా విదిలించుకుని గర్జించింది. ఎదురింటి కిటికీ తలుపులు తెరుచుకున్నాయి, కుక్కలు మొరిగాయి, డాష్‌బోర్డు మీద పెట్టిన నా కళ్ళజోడు ఎగిరి ఒళ్ళో పడింది. "లేచిందోయ్!" అని అరిచాను. మా ఆవిడ గేటు వదిలేసి వాళ్ళమ్మని కావలించుకుంది. లారీ డ్రైవరు కూడా తాడు పారేసి చప్పట్లు కొట్టాడు. పొగలో అందరం దగ్గుతున్నాం, నవ్వుతున్నాం. ఎవరు ఏది చేస్తున్నారో తెలియలేదు.

"వదినగారు ఇక్కడే ఉంటారండీ" అంది మా ఆవిడ అద్దాలాయనతో, కళ్ళు తుడుచుకుంటూ. "అమ్మా, రేపటినుంచి గేటు దగ్గరే స్టార్ట్ చెయ్యి. దొంగతనంగా వాలు మీద జారొద్దు."

ఆ మాటతో ఈ కథ ఇక్కడితో ముగిసిపోవలసింది. అద్దాలాయన ముగియనివ్వలేదు.

ఆయన మొహంలో ఓడిన బాధ లేదు. ఇంజిన్ వైపు చూడనేలేదు. నల్ల కళ్ళద్దాలు తీసి, డాష్‌బోర్డు వైపే చూస్తూ దగ్గరికొచ్చాడు. "బండి మీరే ఉంచుకోండి డాక్టరుగారూ. నాకు అవసరం లేదు. ఆ అరలో ఉన్నది మాత్రం ఇచ్చెయ్యండి, చాలు." తొడుగు తీసి, జేబులోంచి ఒక చిన్న ఇత్తడి తాళంచెవి పైకెత్తాడు.

"ఆ తాళంచెవి మీ దగ్గరికెలా వచ్చింది?" అంది మా ఆవిడ. దీపం మళ్ళీ వెలిగింది.

ఆయన తాళంచెవి పట్టుకుని లోపలికి వంగాడు. అంతకంటే ముందే అత్తగారి అరచెయ్యి ఆ అర మూత మీద పడింది. "అది నీది కాదు నాయనా. నీకూ తెలుసు" అని, ఆయన్ని భుజంతో పక్కకి నెట్టి, తలుపు తెరిచి నా పక్క సీట్లో కూర్చుని, ధడేలున తలుపు వేశారు.

"పోనీ అల్లుడూ!"

"ఎక్కడికి?"

"ముందు ఫస్ట్ గేరుకి! క్లచ్ చివరిదాకా తొక్కి, ఒక్క క్షణం ఆగి అప్పుడు వెయ్యి."

ఆగి వేశాను. గేరు వెన్నలోకి చెంచా దిగినట్టు దిగింది. నా చేతిలో ఆ పళ్ళు నూరకపోవడం అదే మొదటిసారి. అక్కయ్య ముక్కు పైకెత్తి దూకింది. వీధి, కిటికీలు, కుక్కలు అన్నీ వెనక్కి ఎగిరిపోయాయి. అద్దంలో చూద్దును కదా, అద్దాలాయన లారీ ఎక్కుతున్నాడు. ఆయన వెనకే, నల్లకోటు కూడా లేకుండా, ఇంటి చెప్పులతో మా ఆవిడ కూడా లారీ ఎక్కుతోంది! "ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పండి! బండి నడుస్తుండగానే చెప్పండి!" అన్న కేక ఇంజిన్ గర్జన మీంచి కూడా వినబడింది.

"అత్తయ్యా, అందులో ఏముంది? అసలు మీకెలా తెలుసు? అది తెరుచుకోదు కదా!"

"నీ పరికరాలకి తెరుచుకోదు." అత్తగారు ముడిలోంచి నల్లటి పిన్నొకటి లాగి, పళ్ళతో దాని కొస వంచి, ఆ అర తాళంలో పెట్టారు. అంటే పొద్దున నా కాఫీ కప్పు పక్కన పెట్టిన పిన్ను జుట్టులోంచి జారిపడింది కాదు, ఈ అర తెరిచిందన్నమాట!

టిక్.

మూత కిందికి వాలింది. మలుపు దగ్గర పడుతోంది. వెనక లారీ హారన్ మోగుతూనే ఉంది.

"లోపలికి చూడకు" అన్నారు అత్తగారు. "రోడ్డు చూడు."

నేను రోడ్డు చూడలేదు. ఏం చూశానో వచ్చే వారం.